బి జెడ్ ఎ

ఊరి పేరు మార్చి ఎన్నాళ్ళో అయింది.
బేలు మీద మాత్రం ఇవాళ్టికీ
బి, జెడ్, ఎ. అదే రాయాలి.
బెజవాడ ఎక్కడికీ పోలేదండీ,
పార్సిల్ ఆఫీసు తూకం పక్కన
మూడక్షరాలై నక్కి కూచుంది.

ముప్ఫై రెండేళ్ళు రాశాను.
మొదట్లో పుల్లకి పేలిక చుట్టి,
తర్వాత కుంచె కొనుక్కుని,
పగిలిన పచ్చడి జాడీలో నీలిరంగు కలుపుకుని.
ఇటార్సీ, బల్లార్షా, ఖరగ్‌పూర్,
అంతంత ఊళ్ళు నా చేతికింద తడితడిగా పుట్టి
ఆరీ ఆరకుండానే రైలెక్కేవి.
నేను తెనాలి దాటి ఎరగను.

మధ్యాహ్నం మూడు కొడితే
వస్త్రలత నుంచి రిక్షాలు కదిలేవి.
చీరల బేళ్ళు, లుంగీల బేళ్ళు,
పైన కాళ్ళు వేలాడేసి కూచున్న గుమాస్తా పిల్లాడు.
సామారంగం చౌకులో ఇరుక్కుని
ఒకడి వంశాన్ని ఒకడు తడిమి తిట్టుకుని
తారాపేట వైపు చెమటలతో వచ్చి పడేవి.
కొండమీది అమ్మవారికి దండం దారిలోనే,
హ్యాండిల్ వదలకుండా, గడ్డంతో.

సైదాబీ కుట్టేది.
జానెడు దబ్బనం, పురికొస ఉండ.
కొసని కాలి బొటనవేలికి చుట్టి ఒక్క లాగు లాగితే
ఎంత వాగుడుకాయ బేలైనా నోరు మూసుకునేది.
కుట్టు మాత్రం తిన్నగా వచ్చేది కాదు.
"ఏంటి సైదాబీ ఈ వంకర?" అంటే
"నీ రైలు తిన్నగా పోతుందేంటి,
ఎన్ని చోట్ల తిరగదు?" అనేది.

ఒక వేసంగి.
హౌరా మెయిలు నాలుగ్గంటలు లేటు.
పట్టాల వంక చూస్తే కళ్ళు కారేంత ఎండ.
కుక్కలు కూడా తూకం బల్లకింద చేరాయి.
అప్పుడడిగింది:
"నా పేరు రాస్తావా?"
ఎక్కడికి?
"ఎక్కడికని కాదు. రాయి."

మడత లోపల, కుట్టు పడేచోట,
సన్న కుంచెతో రాశాను.
ఉర్దూ నాకు రాదు, తెలుగు చదవడం ఆమెకి రాదు.
సై. దా. బీ.
వేలితో ఒత్తి చూసింది.
అంటింది.
ఆ నీలం వేలితోనే దానిమీద కుట్టు వేసేసింది.
"ఎవరు చదువుతారే?"
"ఇప్పేవాళ్ళు."

ఆ తర్వాత ఎన్ని బేళ్ళలో వెళ్ళిందో
నేను లెక్క పెట్టలేదు.
రసీదు లేకుండా పోయిన సరుకు
నా హయాంలో అదొక్కటే.
తూకం బాబు శరభయ్యగారికి తెలుసనుకుంటాను,
ముల్లు ఆగేదాకా కిటికీలోంచి ఎటో చూసేవాడు.
వాపసొచ్చిన బేళ్ళ మూతులు మాత్రం
ఎవరూ లేనప్పుడు విప్పి చూసేవాణ్ణి.
ఎవరైనా కింద ఒక గీతైనా గీశారేమోనని.
చెబితే నవ్వుతుందని
ఆమెకి చెప్పలేదు.

స్టిక్కర్లొచ్చాయి. చేతిలో పట్టుకునే కుట్టు మిషన్లొచ్చాయి.
ఏ రోజని చెప్పలేను,
వించిపేట మెట్లు దిగి రావడం మానేసింది సైదాబీ.
కళ్ళు కనపడటం లేదన్నారు ఒకరు.
కూతురి దగ్గరికి పోయిందన్నారు ఇంకొకరు.
అడ్రసు ఎవరూ అడగలేదు,
రాసే నేను కూడా.

మొన్న ముసురుకి
గేటు దగ్గర టీ తాగుతుంటే ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.
"తాతా, స్టిక్కరు తడిసి ఊడింది,
బండి ప్లాట్‌ఫారమ్మీదే ఉంది, నువ్వు రాస్తావంటగా!"
కుంచె జేబులోనే ఉంటుంది, ఎందుకో.
రంగు లేదు. పక్క కొట్లో మార్కరు అడుక్కున్నాం.
బి రాశాను. చెయ్యి వణికింది.
జెడ్ రాశాను. ఎ రాశాను.
బేలు మూతి దగ్గర వేలు పెట్టి
కుట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివరకి తడిమాను.

మిషను కుట్టు. గీత గీసినట్టుంది.
ఒక పేరు పట్టేంత వంకర
ఎక్కడా లేదు.